చిలకల మేడ గొళ్ళెం

ఆ ఆదివారం పొద్దున వరలక్ష్మమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. మామిడికాయలు తరిగి, ఉప్పు పట్టించి, మిద్దె మీద ఒరుగులు ఎండబెట్టడం. కాయలు కడిగింది. కత్తిపీట ముందేసుకుంది. మొదటి కాయ రెండు చెక్కలు చేసింది. అంతలో కూతురు ఎక్కిన బస్సు లోయలో పడిపోయింది.

పడింది ఆమె మనసులోనే. అయినా వరలక్ష్మమ్మ మనసులో పడే బస్సు ఉత్తినే పడదు. చక్రాలు గాలిలో తిరుగుతాయి, ఎవరిదో ఒక చెప్పు రోడ్డు మీద మిగిలిపోతుంది. ఆమె చదివింది ఏడో తరగతి వరకే గానీ, జరగబోయే చెడును ముందుగా చూడడంలో మాత్రం పైచదువే. పాలాయన ఆలస్యంగా వస్తే ఆవుకు ఏదో అయిందనుకునేది. త్వరగా వస్తే, నీళ్లు కలిపే తీరిక కూడా లేదంటే ఆయన ఇంట్లోనే ఎవరికో ఏదో అయి ఉంటుందనుకునేది. ఇది తన రోగమని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గేదైతే అది రోగమెందుకవుతుంది?

ఈసారి కారణం కొంచెం గట్టిదే. కూతురు స్రవంతి తిరుపతిలో చరిత్ర ఎం.ఏ. చదివింది. అక్కడే ఒక టూర్ల కంపెనీలో గైడు పని కోసం తిరిగి తిరిగి, చివరికి ఈ ఆదివారం ఒక పరీక్ష సంపాదించుకుంది. ఏలూరు నుంచి వచ్చిన ఒక బస్సెడు యాత్రికులకు పొద్దున చంద్రగిరి కోట, మధ్యాహ్నం కార్వేటినగరం దాటాక ఉన్న చిలకల మేడ చూపించి, సాయంత్రం దర్శనం వేళకు తిరుమల కొండకు చేర్చాలి. కంపెనీ మేనేజరు మోహన పక్కనే కూర్చుని చూస్తుంది. అంతా సక్రమంగా జరిగితే ఉద్యోగం. లేకపోతే లేదు. స్రవంతికి వేరే కోరికంటూ లేదు. వరలక్ష్మమ్మకు వేరే భయమంటూ లేదు.

"రేపంతా నువ్వు ఫోన్ చేయొద్దు మా," అని శనివారం సాయంత్రం తిరుపతికి బయలుదేరుతూ స్రవంతి ముందే చెప్పింది. "మాట్లాడతానే ఉండాల నేను. నడమన నువ్వు ఫోన్ చేసి బతికే ఉండావా అంటే బస్సులో వాళ్లు ఏమనుకుంటారు?"

"బతికే ఉండావా అని ఎప్పుడడిగినాను పాపా? తిన్నావా అనే కదా అడిగేది."

"నువ్వు తిన్నావా అని అడిగే తీరులోనే అది ఉంటాది."

అందుకని ఫోను దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ముడుపు. పసుపు నీళ్లలో తడిపిన గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి, కోరిక చెప్పుకుని, ఏడుకొండలవాడి పేరు మీద ముడి వేయడం వరలక్ష్మమ్మకు తల్లి నేర్పిన విద్య. దానికి కట్టుబాట్లు కూడా ఆ తల్లి చెప్పినవే. కట్టినవాళ్లే విప్పాలి. కోరిక తీరాకే విప్పాలి. ఇంకొకరు చెయ్యి వేశారో, కట్టినవాళ్ల కష్టం వాళ్ల చేతికి అంటుకుంటుంది. దేవుడి అల్మరాలో దీపం పెట్టడానికి చోటు లేనంతగా పసుపు మూటలు పేరుకుపోయి ఉన్నాయి.

"ఇన్ని మూటలుంటే ఏది దేనికి కట్టిందో స్వామికి ఎట్ల తెలస్తాది?" అన్నాడు భర్త దొరస్వామి చొక్కా తొడుక్కుంటూ. ఆయనది మామిడి మండీలో కమీషన్ వ్యాపారం. కాయల కాలంలో ఆదివారాలు ఉండవు. "నీ నడుమునొప్పికని కట్టినావు. పక్కింటోళ్ల ఆవుకు కుంటు తగ్గింది."

ఆయన ఎగతాళికి అన్నాడు. కానీ వరలక్ష్మమ్మ కత్తిపీట పక్కకు నెట్టి ఆలోచనలో పడింది. ఏ పని కోసం కడతామో ఆ పని జరిగే తావునే కడితే స్వామి వెతుక్కోవాల్సిన పని ఉండదని తల్లి చెప్పేది. చంద్రగిరికి ఇప్పుడు బయలుదేరినా అందదు. చిలకల మేడకైతే బస్సు కంటే ముందే చేరవచ్చు.

ఒంటరిగా పోవడానికి భయం. పక్కింటి సంతోషమ్మను పిలిచింది. సంతోషమ్మ పేరుకు తగ్గ మనిషి. చావు ఇల్లు తప్ప ఎక్కడికి పోవడమైనా ఆమెకు విహారమే. ఎందుకు, ఏమిటి అని అడగకుండా పులిహోర కలిపి స్టీలు క్యారియరు నింపుకుని వచ్చేసింది.

"ఆ డ్రైవరు పిల్లోడు ఆవలిస్తా ఉండాడు సూడు," అంది వరలక్ష్మమ్మ పల్లె బస్సులో కూర్చోగానే.

"ఆవలించనీలే అక్కా. నిద్ర వస్తే మెల్లగా తోలతాడు."

ఈ కోణం వరలక్ష్మమ్మకు ఎన్నడూ తోచలేదు. తోచినా ఊరట కలగలేదు.

చిలకల మేడ మామిడి తోపుల మధ్య ఉంది. సంస్థానం నాటి విడిది. ముందు వైపు ఇంకా దర్జాగానే నిలబడి ఉంది. నాలుగు స్తంభాలు, ఆరేడు మెట్లు, ఆ పైన మనిషికి రెండింతలు ఎత్తున్న టేకు తలుపులు, వాటి మీద బారులు తీరిన చెక్క చిలకలు. రెండు పక్కలా కంపచెట్లు గోడలా పెరిగిపోయి అంతకు మించి ఏమీ కనిపించదు. తలుపుకు తాళం లేదు. లావుపాటి ఇనప గొలుసు ఒకటి కొక్కేనికి తగిలించి ఉంది. కాపలా చూసే మునికుమార్ టీ తాగడానికి పోయినట్టున్నాడు, స్టూలు మీద తువాలు మాత్రమే ఉంది.

వరలక్ష్మమ్మ కొంగు నుంచి తడి పసుపు గుడ్డ తీసింది. రూపాయి బిళ్ల పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఆమె కోరిక వింటే ఏ తల్లయినా ముక్కున వేలేసుకుంటుంది. 'స్వామీ, నా బిడ్డకు ఈ ఉద్యోగం రాకుండా సెయ్యి. ఉద్యోగం లేకపోతే బస్సు లేదు. బస్సు లేకపోతే లోయ లేదు.' కళ్ళు తెరిచి, గొలుసునూ కొక్కేన్నీ కలిపి ఆ గుడ్డ చుట్టి ఒక ముడి వేసింది. ఒకటి ఊడిపోతుందేమోనని రెండు. రెండూ ఊడిపోతాయేమోనని మూడోది వేస్తుండగా, మూసిన తలుపుల లోపల ఏదో అరిచింది.

మేక అరుపులాగే ఉంది. కానీ తలుపులేసిన మేడలో మేక ఎలా ఉంటుంది? ఉంటే మేక గొంతుతో అరిచే పాత రాజుగారే అయి ఉంటారు. వరలక్ష్మమ్మ మూడో ముడి పళ్లతో బిగించి మెట్లు దిగింది. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుగా ఉన్న గుర్రపుశాల మొండిగోడ వెనక కూర్చున్నారు. బిడ్డ క్షేమంగా వచ్చిందని కళ్లారా చూసి, కనపడకుండా ఇంటికి పోవాలన్నది ఏర్పాటు.

బస్సు వచ్చింది. లోయలో పడిన గుర్తులేవీ లేవు. ఆకుపచ్చ నేత చీర కట్టుకుని స్రవంతి ముందు దిగింది. వెనక యాత్రికులు, ఆ వెనక నల్ల కళ్ళద్దాల మోహన. స్రవంతి మెట్ల మీద నిలబడి కార్వేటినగరం రాజుల గురించి తడబడకుండా చెబుతుంటే, వరలక్ష్మమ్మ గోడ పగులులోంచి చూసి ఒక్క క్షణం అన్నీ మర్చిపోయింది. తన కడుపున పుట్టింది ఇన్ని మాటలు ఎక్కడ దాచుకుంది?

"ఇప్పుడు లోపలికి పోదాం. పైకప్పుకు ఉండే రంగుల బొమ్మలే ఈ మేడకు పేరు తెచ్చినాయి," అని స్రవంతి తలుపు వైపు తిరిగింది.

టీ గ్లాసుతోనే పరిగెత్తి వచ్చిన మునికుమార్ గొలుసు మీద చెయ్యి వేయబోయి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"ఎవురో ముడుపు కట్టినారు."

"అయితే ఏమైంది? విప్పండి," అంది మోహన.

"నేనా? నా కొడుక్కి ఈ గురువారమే పెళ్లిసూపులు మేడం. మీరే విప్పండి."

మోహన కళ్ళద్దాలు తీసి ముందుకు వచ్చింది. ఆమె చదువుకున్న మనిషి, ఇలాంటివి నమ్మనని ఆఫీసులో అందరికీ చెప్పిన మనిషి. చెయ్యి ముడి దాకా పోయింది. అక్కడ ఆగింది. "నాకు వచ్చే నెల గృహప్రవేశం ఉంది," అంది నెమ్మదిగా, ఎవరూ అడగకుండానే. చెయ్యి వెనక్కి వచ్చింది.

బస్సు డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "నన్ను విప్పమంటే విప్పతా. గానీ సాయంత్రం మిమ్మల్ని ఘాట్ రోడ్డులో తోలాల్సింది కూడా నేనే."

"వద్దు బాబూ, నువ్వు అసలు ఆ పక్కకే రాకు," అన్నారు యాత్రికులందరూ ఒక్క గొంతుతో.

రాతిలా నిలబడ్డ మేడ ముందు అందరూ రాళ్లలా నిలబడ్డారు. వాళ్లలో మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ మెట్టు మీద కూర్చుని తలుపు వంక భక్తిగా చూసింది. "ఏమయ్యా, ఇక్కడ ముడుపు కడితే కోరికలు తీరతాయా?"

మునికుమార్‌ను ఇన్నేళ్లలో ఎవరూ మేడ గురించి ఏ ప్రశ్నా అడగలేదు. బాత్రూము ఎక్కడ అని తప్ప. అతను నిటారుగా నిలబడ్డాడు. "తీరబట్టే కదమ్మా కట్టినారు."

అంత తిరుగులేని మాట విన్నాక ఇంకెవరు ఆగుతారు? పెద్దావిడ జేబురుమాలు చింపింది. ఎదురుగా బడ్డీ కొట్టు పెట్టుకున్నావిడ పసుపు పొట్లాలు తెచ్చింది, అవి అయిపోతే పాత పంచె ఒకటి చించి ముక్కలు తెచ్చింది. ఒకరు మోకాళ్లకు కట్టారు, ఒకరు అల్లుడి తాగుడుకు కట్టారు, ఒకాయన తన కోరిక భార్యకు వినపడకుండా దూరం జరిగి మరీ కట్టాడు. గొలుసు కనపడకుండా పోయింది. ఈలోపు బడ్డీ కొట్టావిడ ఊళ్లోకి కబురు పంపినట్టుంది, చిలకల మేడ తలుపులో స్వామి వెలిసినాడని ఆడవాళ్లు పళ్లేలతో బయలుదేరారు. వెనక పలక డప్పులు మోగుతున్నాయి. ఎవరో గడప మీద టెంకాయ కొట్టారు. నీళ్లు మోహన బూట్ల మీద చిందాయి.

"స్వామి వెలిసినాడంట అక్కా, పోయి దండం పెట్టుకుందామా?" అంది సంతోషమ్మ క్యారియరు మూత తీస్తూ.

"అది నేను కట్టిన గుడ్డ మే."

"అయితే మాత్రం? దండానికి ఏమి తక్కువ?"

మోహన స్రవంతిని పక్కకు పిలిచింది. పక్క అంటే మొండిగోడ ముందుకే. ప్రతి మాటా వరలక్ష్మమ్మ చెవిలో పడింది. "ఇంకాసేపట్లో బయలుదేరకపోతే కొండ మీద దర్శనం తప్పిపోతుంది. లోపల చూపించకుండా తీసుకుపోతే వీళ్లు డబ్బులు వెనక్కి అడుగుతారు. నేనేం చేయలేను స్రవంతీ. ఇదే నీ మొదటి ట్రిప్పు, చివరిదీ ఇదే అనుకో."

వరలక్ష్మమ్మ చేతులు జోడించింది. స్వామి ఇంత తొందరగా వింటాడని ఆమె అనుకోలేదు. నడుమునొప్పి సంగతిలో ఈ చురుకు ఎక్కడికి పోయిందో. ఇక ఉద్యోగం లేదు, బస్సు లేదు, లోయ లేదు. నెమ్మదిగా ఊపిరి పీల్చుకుని పగులులోంచి కూతురి ముఖం చూసింది.

స్రవంతి కింది పెదవి పంటి కింద నొక్కిపట్టుకుని ఉంది. ఒకటో తరగతిలో, పద్యం అప్పజెప్పలేక వెనక్కి వచ్చి నిలబడ్డ రోజు పట్టిన పెదవే అది. ఆ రోజు ఏడవలేదు. ఇప్పుడూ ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. వరలక్ష్మమ్మ జోడించిన చేతులు దించేసింది.

స్రవంతి మళ్లీ మెట్లెక్కి, అన్ని మూటల కిందా అణిగి ఉన్న మొదటి ముడిని వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఒకసారి చుట్టూ కలయజూసింది. తర్వాత యాత్రికుల వైపు తిరిగి, చేతిలోని కాగితాలు మడిచి బ్యాగులో పెట్టేసింది.

"పొద్దున్నుంచీ మీకు జిల్లా చరిత్ర పుస్తకాల ప్రకారం చెప్పినాను. తలుపు తెరిచేలోపల మా అమ్మ ప్రకారం కూడా చెప్తా, వినండి. మా అమ్మ లెక్కలో మా పక్క చూడాల్సిన తావులు లేవు. పడాల్సిన తావులు ఉండాయి."

యాత్రికులు నవ్వి దగ్గరికి జరిగారు. పలకలు ఆగాయి.

"చంద్రగిరి కోట చూసినాం కదా. రాజులే వదిలేసి పోయినారంటే ఆ కోటలో ఏదో ఉండే ఉంటాది, నీకెందుకు అంటాది మా అమ్మ. తలకోన జలపాతం ఉండాది. ఆడ నీళ్లే నిలబడలేక కిందపడతా ఉంటే మనిషి ఎట్ల నిలబడతాడు అంటాది. హార్స్‌లీ కొండలకు పోతే పైన చలి జ్వరం, కిందికి దిగితే వేడి జ్వరం. గుర్రంకొండకు పోతే, కొండ మీంచి పడనోళ్లు గుర్రం మీంచి పడతారంట. ఆడ గుర్రాలు లేవు మా అంటే, అంతమంది పడినాక గుర్రాలను ఎవురు పెట్టుకుంటారు అనింది."

మొండిగోడ వెనక వరలక్ష్మమ్మ ముఖం ఎర్రబడింది. అన్నీ తాను అన్న మాటలే. ఒక్కొక్కటిగా అన్నప్పుడు ఎంతో సబబుగా ఉన్న మాటలు, వరుసగా పేర్చితే ఇలా ఉంటాయని ఆమెకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

"కాణిపాకం మాత్రం దేవుడి తావు కదా, పొమ్మంటాది. బావిలో వెలిసిన స్వామిని బాగా సేవించుకో పాపా, బావిలోకి మాత్రం తొంగి చూడొద్దు అంటాది."

సంతోషమ్మ నోట్లో అప్పుడు పులిహోర ముద్ద ఉంది. నవ్వు ఆగలేదు, ముద్దా ఆగలేదు. గోడ వెనక నుంచి వేరుశనగ గింజలూ దగ్గూ ఒక్కసారిగా బయటికి వచ్చాయి. వరలక్ష్మమ్మ భయపడి ఆమె వీపు మీద గట్టిగా చరిచింది. ఆ చరుపుకు క్యారియరు దొర్లుకుంటూ వెళ్లి మోహన బూట్ల ముందు ఆగింది. ఆ బూట్లకు ఆ రోజు బాగాలేదు.

"రా మా బయటికి," అంది స్రవంతి, ఆశ్చర్యమేమీ లేకుండా. "ఆ ముడి చూసినప్పుడే తెలిసింది. పదో తరగతి దాకా నా జడలకు రిబ్బన్లు ఇట్లనే కట్టినావు. సాయంత్రం నువ్వే విప్పాల, ఇంకెవురి వల్లా కాదు."

వరలక్ష్మమ్మ కొంగు నిండుగా కప్పుకుని, తలవంచుకుని జనం మధ్యలోంచి నడిచింది. పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లు దారి ఇచ్చారు. ఒకావిడ ఆమె పాదాలు తాకబోయింది కూడా.

"ఏమని మొక్కుకున్నావు మా?"

అబద్ధం చెబుదామనుకుంది. చేతికి అందే దూరంలో ముడుపు. ముడుపు ముందు అబద్ధమాడితే ఇంకేమవుతుందోనన్న భయం, నిజం చెబితే అయ్యేదాని భయం కంటే పెద్దది. "నీకు ఈ ఉద్యోగం రాకూడదని," అంది నేలకేసి చూస్తూ.

లోపల మేక గొంతు రాజుగారు ఒక్కసారి అరిచి ఊరుకున్నారు.

మోహన లెక్క తెలిసిన మనిషి. "అయితే ఇబ్బందేముందమ్మా," అంది. "ఉద్యోగం లేదని నేను ఇప్పుడే చెప్పేస్తాను. మీ కోరిక తీరిపోతుంది. ముడి విప్పేయండి, వీళ్లు లోపల చూసుకుంటారు, అందరం వేళకు కొండకు పోతాం."

కోరుకున్నది కోరుకున్నట్టు, పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు ఎదురుగా వచ్చింది. ఇంత సులువుగా ఏ మొక్కూ ఆమెకు తీరలేదు. వరలక్ష్మమ్మ కూతురి వంక చూసింది.

"విప్పు మా," అంది స్రవంతి. పెదవి మళ్లీ పంటి కిందికి పోయింది. "పాపం వాళ్లకు దర్శనం తప్పిపోతాది."

"విప్పను," అంది వరలక్ష్మమ్మ.

"మా..."

"ఆ లెక్కన విప్పను. ఆ మేడంను ఏమీ సెప్పొద్దను." ఆమె కొంగు నడుముకు బిగించింది. "ఇంత కోటను, ఇన్ని కొండలను నోటిలో పెట్టుకుని తిరిగే బిడ్డను ఇంట్లో కూసోబెట్టి నేనేం సేసుకోవాల? ఒరుగులు ఎండబెట్టించుకోవాల్నా?"

ఆమె తలుపుకు ఎదురుగా నిలబడి చేతులు జోడించింది. స్వామితో మాట్లాడడం ఆమెకు మనుషులతో కంటే అలవాటు. అందరూ వింటున్నారన్నది మర్చిపోయింది. "స్వామీ, మొదట సెప్పింది కొట్టేసుకో. తెలివి తక్కువదాన్ని, భయానికి ఏదో అన్నాను. దానికి తప్పు కింద ఇంకొకటి కడతాను. బిడ్డకు ఉద్యోగం రానీ. ఈ దినం బస్సు ఎక్కి పోయింది సల్లంగా తిరిగి రానీ. అది తీరితే వచ్చి విప్పతాను."

కళ్ళు గట్టిగా మూసుకుని, వేళ్లతో వెతికి మొదటి ముడి మూడు దఫాలుగా విప్పింది. పిడుగు పడలేదు. ఒక కన్ను తెరిచి చూసింది. ఎవరూ కిందపడలేదు. వెంటనే, స్వామి మనసు మార్చుకునేలోపలే, అదే గుడ్డ, అదే బిళ్ల పెట్టి, ఈసారి ఒక స్తంభానికున్న కొక్కేనికి కొత్త ముడుపు కట్టింది.

"ఇంక తలుపు తియ్యప్పా మునికుమారూ," అంది స్రవంతి.

మునికుమార్ కదల్లేదు. "మీ అమ్మది వచ్చినాది. మిగతావి?"

అప్పుడు అందరూ గొలుసు వంక చూశారు. మోకాళ్ల ముడుపు ఉంది. అల్లుడి ముడుపు ఉంది. భార్యకు వినపడకూడని ముడుపు ఉంది. ఒక్కరి కోరికా ఇంకా తీరలేదు. పెద్దావిడ కాళ్లు చాపి చూసుకుంది. "నొప్పి అలాగే ఉంది నాయనా, ఎలా విప్పను?"

స్రవంతి మెట్టు మీద కూలబడింది. మోహన వాచీ చూసుకోవడం కూడా మానేసింది. వరలక్ష్మమ్మకు మాత్రం విచిత్రంగా భయం వేయలేదు. ఎంత చెడు జరగాలో అంతా జరిగిపోయాక భయానికి పనేముంది? ఆ నిబ్బరంలోనే, చాలాసేపటి నుంచి తొలుస్తున్న ప్రశ్న అడిగేసింది.

"అప్పా, తలుపులేసిన మేడలోకి ఆ మేక యాడ నుంచి పోయింది?"

"ఎనక నుంచి," అన్నాడు మునికుమార్.

"ఎనక వాకిలి ఉండాదా?"

"వాకిలి లేదమ్మా. ఎనక గోడే లేదు. నేను పనిలో సేరకముందే పడిపోయింది. ఆ కంప పక్కన కాలిదారి ఉండాది. మేకలన్నీ ఎండకు లోపలే పడుకుంటాయి."

అందరూ ఒకేసారి కంపచెట్ల వైపు తిరిగారు.

"ఇంతసేపు ఎందుకు చెప్పలేదయ్యా?" అంది మోహన, ఒక్కో మాటా విడివిడిగా.

మునికుమార్ నొచ్చుకున్నాడు. "తలుపు ఎట్ల తియ్యాలని అడిగినారు గానీ, లోపలికి ఎట్ల పోవాలని ఎవురడిగినారు? అయినా అంత దూరం నుంచి వచ్చినోళ్లను పడిపోయిన గోడలోంచి తీసుకపోతే మేడకేం మర్యాద మేడం?"

కంప పక్కగా వరుస కట్టి, మేకలను అదిలించుకుంటూ, ఏలూరు యాత్రికులు రాజులు ఏనాడూ రాని దారిలో చిలకల మేడలోకి ప్రవేశించారు. వెనక గోడ లేని పుణ్యాన వెలుగు నేరుగా పైకప్పు మీద పడి రంగుల బొమ్మలు నిన్న వేసినట్టున్నాయి. స్రవంతి చెబుతూ ఉంటే పెద్దావిడ తల ఎత్తి చూస్తూ మోకాళ్ల సంగతి మర్చిపోయింది. బస్సు కొండకు వేళకు చేరింది. డ్రైవరు ఆవలించాడా లేదా అన్నది వరలక్ష్మమ్మకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మోహన ఫోన్ చేసింది. యాత్రికులు కోట బాగుందన్నారు, మేడ బాగుందన్నారు, అన్నిటికంటే ఆ తలుపూ, ఆ అమ్మ చెప్పిన జిల్లా బాగున్నాయన్నారు. "కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి వాళ్ల ముడుపు వాళ్లే విప్పుకోవాలి కదమ్మా, కట్టుబాటు అదే కదా?" అని వరలక్ష్మమ్మను రెండు సార్లు అడిగి రూఢి చేసుకుంది. రెండో టిక్కెట్టు తాముగా కొనే యాత్రికులను ఆమె ఇంతకు ముందు చూడలేదట. ప్రతి ఆదివారమూ మేడకు బస్సు తీసుకుపోయే ఉద్యోగం స్రవంతికి ఖాయమైంది.

అప్పుడు గాని వరలక్ష్మమ్మకు తన మెడకు తానే వేసుకున్న ముడి అర్థం కాలేదు. బిడ్డ చల్లగా తిరిగి వచ్చింది. అంటే ముడుపు తీరింది. అంటే పోయి విప్పాలి. విప్పాక బిడ్డ ఆ రోజు బస్సులోనే ఉంటుంది కాబట్టి ఇంకొకటి కట్టాలి. అది తీరాక మళ్లీ పోయి విప్పాలి. ఏ ఆదివారమూ తప్పించుకునే దారి లేదు. పల్లె బస్సును నమ్మలేక చివరికి కూతురి బస్సులోనే, ముందు సీటులో, డ్రైవరు కళ్ళు కనపడేటట్టు కూర్చుని పోవడానికి ఒప్పుకుంది.

"బస్సు లోయలో పడితే నువ్వూ పడతావు కదమే," అన్నాడు దొరస్వామి ఆ ఆదివారం పొద్దున, ఎగతాళిగా. అంటూ అంటూనే ఎందుకో మాట మధ్యలో ఆపేశాడు. ఆ రోజు మండీకి కూడా పోలేదని తర్వాత తెలిసింది.

సాయంత్రం తల్లీ కూతురూ ఇల్లు చేరేసరికి ఆయన వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. చేతి వేళ్లు పచ్చగా ఉన్నాయి. మూసిన వీధి తలుపు గొళ్ళేనికి పసుపు గుడ్డ ఒకటి కట్టి ఉంది.

"ఎవురు కట్టినారు?" అంది వరలక్ష్మమ్మ.

"నేనే." ఆయన వీధి వైపు చూశాడు. "మీరిద్దరూ సల్లంగా రావాలని."

"వచ్చినాము కదా. విప్పండి మరి."

"బస్సు దిగినామని పాప ఫోన్ చేసినప్పటి నుంచీ విప్పతానే ఉండాను. నీ మాదిరే మూడు ముళ్లేసినాను, రావడంలా. నువ్వు సెయ్యి పెట్టకూడదు, పాప పెట్టకూడదు."

ముగ్గురూ ఇంటిని ఎగాదిగా చూశారు. ఇల్లు కొత్తది. వెనక గోడ గట్టిగానే ఉంది.